ఇరవై మూడో ఎత్తు

మూడు రోజులుగా ఆ ఇంట్లో గిన్నెలూ గరిటెలూ తప్ప ఎవరూ చప్పుడు చేయడం లేదు.

నాలుగో రోజు పొద్దున కూడా రిఫరీగారు బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, కోడలి వైపు చూడకుండా రొట్టె తుంచారు. కోడలు మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. అత్తగారు ఆ గ్లాసు తీసి, అదే చోట మళ్ళీ తన చేత్తో పెట్టింది. అప్పుడు తాగారు.

కొడుకు తల పక్కకి తిప్పుకున్నాడు. అతనికి వీధి చివర కళ్ళద్దాల దుకాణం ఉంది. పొద్దస్తమానం వచ్చినవాళ్ళ ముక్కు మీద అద్దాలు మారుస్తూ, 'ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా' అని అడగడమే అతని పని. ఇంటికి వచ్చాక మాత్రం ఏది బాగుందో తనని ఎవరూ అడక్కూడదు. నాన్న వైపు ఉన్నావా, నా వైపు ఉన్నావా అని భార్య నిన్న అడిగితే, చొక్కా బొత్తాం ఊడిందేమో చూసుకున్నాడు. ఇవాళ రొట్టె సగంలో వదిలేసి, దుకాణం తెరవాలని లేచి వెళ్ళిపోయాడు. దుకాణం తెరవడానికి ఇంకా గంటన్నర ఉంది.

రిఫరీగారికి అసలు పేరు లేకపోలేదు గానీ, ఊళ్ళో ఎవరికీ దానితో అవసరం పడలేదు. ముప్పై ఏళ్ళు చదరంగం పోటీలకి మధ్యవర్తిగా ఉన్నారు. ఇద్దరు ఆటగాళ్ళ మధ్య గడియారం పెట్టి, వెనకాల చేతులు కట్టుకుని నడుస్తూ, ఎవరైనా గట్టిగా దగ్గితే అటు ఒక చూపు విసిరేవారు. ఆ చూపుకే దగ్గు ఆగిపోయేదని చెప్పుకుంటారు. పదవి వదిలాక కూర్చుని నాలుగొందల పేజీల చదరంగం చరిత్ర రాశారు. ఇరవై ఏళ్ళ కిందట అచ్చయిన ఆ పుస్తకం లేని క్లబ్బు లేదు. ఇప్పుడు రెండో కూర్పు వేస్తున్నారు. వేస్తున్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది స్వయానా ఆయన కోడలే.

అక్కడే వచ్చింది తంటా.

మొదటి మూడొందల పేజీలూ ఆమె ఇష్టంగా దిద్దింది. కాల్బలం, గుర్రాలు, ఏనుగులు, రథాలు అనే నాలుగంగాల సైన్యంగా పుట్టిన ఆట దేశాలు దాటుతూ ఎలా వేషాలు మార్చుకుందో ఆయన కథ చెప్పినట్టే రాశారు. మనం శకటు అని పిలిచే పావు మొదట్లో ఏనుగట. ఒక దేశంలో అది మతగురువయింది, ఇంకో దేశంలో విదూషకుడయింది. మనం ఏనుగనే మూల పావు అసలు రథమట, అది ఒకచోట పడవయింది. వందల ఏళ్ళు రాజు పక్కన ఐమూలగా ఒక్కొక్క గడే నడిచిన ముసలి మంత్రి, ఎక్కడో రాణిగా మారి బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి దూసుకుపోవడం నేర్చుకుంది. తర్వాత మహా ఆటగాళ్ళ అధ్యాయాలు. కుర్రవయసులోనే ఖండాంతరాల మేటి ఆటగాళ్ళనందరినీ ఓడించి, ఆ తర్వాత పావు ముట్టనని ఇంట్లో కూర్చున్నాయన. ప్రపంచ విజేతగా ఉంటూనే పరదేశంలో హోటలు గదిలో ఒంటరిగా చనిపోయినాయన. ఆట గురించిన పుస్తకాలు చదవడం రాకుండానే పరదేశంలో పెద్ద పెద్దవాళ్ళని ఓడించి, చివరికి తనని అక్కడికి తీసుకెళ్ళిన యజమానితో కలిసి వెనక్కి వచ్చి పొలం పని చేసుకున్నాయన.

ఇంతమంది గురించి రాసినాయన, ముప్పై ఆరేళ్ళ కిందటి జాతీయ పోటీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక పట్టిక వేసి ఊరుకున్నారు. పదకొండు పేర్లు, పక్కన పదకొండు మొత్తాలు.

ప్రూఫులు దిద్దేవాళ్ళకి అక్షరాల కన్నా అంకెల మీద అనుమానం ఎక్కువ. పదకొండు మంది ఒకరితో ఒకరు ఆడితే యాభై అయిదు ఆటలు, యాభై అయిదు పాయింట్లు. కూడితే యాభై ఏడున్నర వచ్చింది. నాలుగుసార్లు కూడింది. పన్నెండో మనిషి ఉంటే తప్ప లెక్క కుదరదు. పన్నెండు మందికి అరవై ఆరు పాయింట్లు. అందులోంచి యాభై ఏడున్నర తీసేస్తే ఎనిమిదిన్నర. మొదటి స్థానంలో ఉన్నాయనకి తొమ్మిది. అంటే ఎనిమిదిన్నర పాయింట్లతో రెండో స్థానంలో నిలిచిన మనిషి ఒకడు ఆ పట్టికలోంచి లేచి వెళ్ళిపోయాడు.

లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు విప్పించి చూస్తే ఆ మనిషి దొరికాడు. ఆమె తండ్రి.

'గుర్రాలాయన' అని పిలిచేవట ఆయన్ని పేపర్లు. రెండు గుర్రాలతో ఎదుటివాడి కోటలోకి ఎటునుంచి దూరతాడో తెలిసేది కాదట. ఆఖరి ఆటకి ముందు, ఎదురుగా కూర్చోబోయేవాడి కన్నా ఆయనే అర పాయింటు ముందున్నాడు. డ్రా అయినా టైటిల్ ఆయనదే. ఓడిపోయాడు. ఆ తర్వాత ఏ పేపర్లోనూ ఆయన ఊసు లేదు.

తండ్రి ఒకప్పుడు ఆడేవాడని ఆమెకి తెలుసు. అంతవరకే. పుట్టింట్లో ఆమె ఎన్నడూ చదరంగం బోర్డు చూడలేదు. ప్రూఫులు చదివి చదివి కళ్ళు మంటలెత్తి అద్దాల దుకాణానికి వెళ్ళడం, ఆ దుకాణం అతన్ని చేసుకుంటానని ఇంటికొచ్చి చెప్పడం, అతని తండ్రి ఎవరో వినగానే నాన్న రెండు రోజులు నోరు విప్పకపోవడం, మూడో రోజు 'సరే' అనడం, అన్నీ ఇప్పుడు ఆమెకి వేరేగా కనబడుతున్నాయి. పెళ్ళిలో వియ్యంకులిద్దరూ కొత్తవాళ్ళలా నమస్కారాలు పెట్టుకున్నారు.

నాలుగు రోజుల కిందట ఆ పేజీ మామగారి ముందు పెట్టి అడిగింది. అచ్చుతప్పు అన్నారాయన. తప్పయితే దిద్దుతాను, పేరు చెప్పండి అంది. ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆమె ఆ పేజీ మీద సంతకం పెట్టలేదు. ఆమె సంతకం లేనిదే ప్రెస్సులో ఆ పేజీలు పేర్చిన ఫారం మెషీను ఎక్కదు.

ఇప్పుడు రొట్టె తినడం అయిపోయింది. రిఫరీగారు చేతులు తుడుచుకుంటుంటే ఆమె మళ్ళీ అదే మాట ఎత్తింది. గొంతు పెంచలేదు. పుస్తకంలో అబద్ధం ఉందని తెలిసి దిద్దకుండా వదిలేయడం తన ఉద్యోగం కాదని మాత్రం చెప్పింది.

"చరిత్రలో పావుల పేర్లే ఎన్నిసార్లు మారాయో చదివావు కదమ్మాయ్," అన్నారాయన, నాలుగు రోజుల్లో మొదటిసారి నోరు తెరిచి. "ఏనుగు పోయింది, మంత్రి పోయాడు. ఎవరన్నా బెంగపెట్టుకున్నారా?"

"పావులకి కూతుళ్ళుండరు మామయ్యగారూ."

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. రిఫరీగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అద్దాలు లేకుండా ఆయన మొహం ఒక్కసారిగా పదేళ్ళు ముసలిదయింది.

"రాయమంటావా?"

"రాయండి."

"రాస్తాను. రాశాక ఆపమని మాత్రం నా దగ్గరికి రాకు."

గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. కాసేపటికి కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది. నెగ్గానన్న సంతోషం కోసం కోడలు తన లోపల వెతుక్కుంది. దొరకలేదు.

అత్తగారు పెరట్లో బట్టలు తీస్తోంది. ముసురు పట్టింది. ఆరీ ఆరని దుప్పటి ఒక కొస ఆవిడా, ఇంకో కొస కోడలూ పట్టుకుని మడతపెట్టారు. మడత దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దరి చేతులూ కలిశాయి. అత్తగారు వదల్లేదు.

ఆ పోటీ అయిపోయిన రోజు సాయంత్రం ఆయన ఇంటికొచ్చి భోజనం చేయలేదని చెప్పింది. కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటూనే ఉన్నారట. ఏమయిందని అడిగితే, ఇవాళ నేను చూసింది చూడలేదు అన్నారట. అంతకుమించి ఈ ముప్పై ఆరేళ్ళలో తనకి చెప్పిందీ లేదు, తను అడిగిందీ లేదు.

"రాయించొద్దు అనడం లేదమ్మా," అంది అత్తగారు. "మీ నాన్నని అడిగావా అని అడుగుతున్నాను."

అడగలేదు. నాన్న తరఫున పోట్లాడుతున్నాననుకుంది గానీ, నాన్నని అడగాలని ఆమెకి తోచనేలేదు.

*

తండ్రి సైకిలు షాపు పైన రెండు గదుల్లో ఉంటాడు. ముప్పై ఏళ్ళుగా గొడుగులు బాగుచేయడం ఆయన పని. వానాకాలం గదినిండా రెక్కలు విరిగిన గొడుగులు గబ్బిలాల్లా వేలాడుతుంటాయి. కూతురు వెళ్ళేసరికి కిటికీ పక్కన కూర్చుని, ఒక నల్ల గొడుగు ఊచలకి తీగ చుడుతున్నాడు. భోజనం చేశావా చిట్టీ అని అడిగాడు. చేశానని అబద్ధమాడింది.

సంచీలోంచి ప్రూఫు కాగితం తీసి ఆయన ముందు పరిచింది. ఆయన తీగ పక్కన పెట్టి, కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చదివాడు. పదకొండు పేర్లు చదవడానికి అంతసేపు పట్టదు.

"ఈ నాలుగోవాడు మంచి ఆటగాడు," అన్నాడు చివరికి. "పాపం, ఓడిపోయినప్పుడల్లా పంటి నొప్పి అనేవాడు."

తను లెక్క ఎలా పట్టుకుందో, పేపర్లు ఎలా వెతికిందో, మామగారితో నాలుగు రోజులుగా ఎలా పంతం పట్టిందో అంతా కూతురు చెప్పుకొచ్చింది. చెబుతుంటే గొంతులో కొంచెం గర్వం కూడా వచ్చింది. తన కోసం ఎవరూ నిలబడని మనిషి కోసం తను నిలబడుతోంది. ఆ పోటీలో జరిగిన అన్యాయం ఇప్పుడు అందరికీ తెలుస్తుంది, మామగారు ఈపాటికి రాస్తూనే ఉండి ఉంటారు అంది.

తండ్రి కాగితం మడత పెట్టాడు. విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

"అన్యాయం ఏమీ జరగలేదు చిట్టీ," అన్నాడు. "ఆ ఆట నేను కావాలని ఓడిపోయాను."

కింద సైకిలు షాపులో ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు.

తర్వాత ఆయన చెప్పింది ఒక వరుసలో చెప్పలేదు. మధ్యలో గొడుగు అందుకున్నాడు, మళ్ళీ కింద పెట్టాడు. అప్పటికి ఆమె తల్లికి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఆఖరి ఆటకి రెండు రోజుల ముందు రక్తస్రావం మొదలయింది. మామూలు ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసి, ఇది మావల్ల కాదు, పెద్దాస్పత్రిలో చేర్చకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అని చెప్పేసింది. పెద్దాస్పత్రిలో మంచం దొరకాలంటే ఎవరో ఒక పెద్దమనిషి మాట సాయం కావాలి. ఆయనకి తెలిసిన పెద్దమనుషులందరూ చదరంగం బల్ల మీద చెక్కతో చేసినవాళ్ళే.

"చదరంగం సంఘం కార్యదర్శి వచ్చాడు. బెదిరించాడనుకుంటావేమో, లేదు. పక్కన కూర్చుని మీ ఆవిడ ఎలా ఉంది అని అడిగాడు. మంచం సంగతి నేను చూస్తాలే అన్నాడు. లేచి వెళ్ళేటప్పుడు, రేపు ఆ అబ్బాయి గెలిస్తే బాగుంటుంది, పై దేశం పోటీకి వాడి పేరే పంపించేశాం అన్నాడు. అంతే. ఆ రెండు మాటలకీ మధ్య ముడి నేనే వేసుకున్నాను."

"నాన్నా..."

"ఓడిపోవడం తేలికనుకుంటావు. హాలు నిండా జనం. అందరికీ ఆట తెలుసు. మంత్రిని పారేసుకుంటే నవ్వుతారు. అలసిపోయి పొరబడ్డాడనిపించాలి. గెలవడానికి నేనెప్పుడూ అంత ఆలోచించలేదు." ఆయన అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టాడు. "ఇరవై మూడో ఎత్తు. బోర్డు నడుమ ఉన్న గుర్రాన్ని తీసి అంచుకి పంపాను. నడుమ ఉంటే ఎనిమిది గళ్ళు చూస్తుంది. అంచుకి పోతే నాలుగే. దాన్ని అక్కడికి నేనే నడిపించుకెళ్ళాను."

రిఫరీగారు అప్పుడు ఆయన వెనకే ఉన్నారట. ఇరవై రెండు ఎత్తులదాకా ఆయన బూట్ల చప్పుడు అటూ ఇటూ వినిపిస్తూనే ఉందట. ఇరవై మూడోది పడ్డాక ఆగిపోయింది. ఆట అయ్యాక హాలు బయట కుళాయి దగ్గర పక్కన నిలబడి, ఆ గుర్రం అక్కడికి ఎందుకు వెళ్ళింది అని అడిగారు. చెయ్యి వెళ్ళింది అన్నాడు ఈయన. ఆయన ఇంకేమీ అడగలేదు. రిపోర్టులోనూ ఏమీ రాయలేదు.

కూతురు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. దాని జవాబు ఆమెకి తెలుసు. అయినా అడిగింది.

"ఆ మంచం దొరికిందా?"

"నువ్వు దానిమీదే పుట్టావు." తండ్రి కిటికీలోంచి బయటికి చూశాడు. "మీ అమ్మ ఇంకో పద్నాలుగేళ్ళు బతికింది."

"అమ్మకి తెలుసా?"

"తెలిస్తే ఆ మంచం ఎక్కేది కాదు."

ఆమె ఏడవాలనుకుంది. ముప్పై ఆరేళ్ళుగా తను పీల్చిన గాలి ఎవరి లెక్కలోంచి తీసుకున్నదో ఎవరో ఇప్పుడే చెప్పినట్టయి, ఏడవడం కూడా మరిచిపోయింది. తండ్రి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, అది బేరమని తనెప్పుడూ అనుకోలేదని, ఇంకో వందసార్లయినా ఆ గుర్రాన్ని అంచుకే పంపుతానని మెల్లగా చెప్పాడు. నువ్వు నాకేమీ బాకీ లేవు అన్నాడు. ఆ మాట అనకపోయినా బాగుండేది అనుకుంది కూతురు.

పట్టికలోంచి పేరు ఎలా పోయిందో కూడా చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. సంఘం విచారణ అంది. అప్పుడు సంఘం రికార్డులు రాసే రిఫరీగారి దగ్గరికి తనే వెళ్ళి, ఆట అమ్ముకున్నాడని రాయకండి, ఓడిపోయాడని కూడా రాయకండి, నన్ను మొత్తంగా తీసెయ్యండి అని అడిగాడట. పది ఆటలు నిజంగా ఆడినవి కూడా పోతాయి కదా అన్నారట ఆయన. పోనీండి అన్నాడట ఈయన.

"నా కోసం దాచాడా, తన కోసం దాచాడా అని నేనడగలేదు. ఆ పై ఏడు ఆయన్ని ముఖ్య మధ్యవర్తిని చేశారు. ఆయన్నే అడిగినా చెప్పలేడేమో."

"మరి గెలిచినాయన?"

"అతనికి ఏమీ తెలీదు. తనే గెలిచాననుకున్నాడు. మంచివాడు. ఇప్పటికీ పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఆ ఆటే చూపిస్తాడట, ఓపికపడితే ఎంతటివాడైనా తప్పు చేస్తాడని." ఆయన నవ్వబోయి మానేశాడు. అప్పుడే ఏదో స్ఫురించినట్టు కూతురి వైపు తిరిగాడు. "మీ మామగారు రాస్తున్నారన్నావు. ఏం రాస్తున్నారు?"

"జరిగిందంతా."

ఆయన చేతిలోని తీగ చుట్ట జారి, నేలమీద విప్పుకుంటూ దొర్లింది.

"పేరు వేసుకోనీ. అమ్ముకున్నాడనీ రాసుకోనీ. ఆ ఆట మాత్రం అచ్చు వేయించకు చిట్టీ. ప్రతివాడూ పావులు పేర్చుకుని ఆ గుర్రాన్ని మళ్ళీ మళ్ళీ అంచుకి పంపుతాడు. అది నేను చూడలేను."

*

బస్సులో అద్దం మీద వాన చారలు కడుతుంటే ఆమె మనసులోనే ఆ పేజీ దిద్దుకుంది. పట్టికలో నాన్న పేరు, ఎదురుగా ఎనిమిదిన్నర. దానికింద ఇంకేమీ వద్దు. మామగారి కాళ్ళు పట్టుకోవాలంటే పట్టుకుంటుంది. ఆపమని నా దగ్గరికి రాకు అన్నారు నిజమే. అయినా ఆయన రాయి కాదు.

ప్రెస్సుకి వెళ్ళేసరికి మూడున్నరయింది. ప్రూఫుల గదిలో ఆమె కుర్చీలో రిఫరీగారు కూర్చుని ఉన్నారు. తడిసిన కోటు విప్పలేదు. బల్ల మీద అప్పుడే తీసిన కొత్త ప్రూఫు, సిరా వాసన కొడుతూ ఉంది. ఫోర్‌మన్ గుమ్మంలో నిలబడి, నాలుగింటికి మెషీను ఎక్కించాలి, అమ్మగారి సంతకం ఒక్కటే తక్కువ అన్నాడు. కాసేపు ఉండమని చెప్పి తలుపు వేసింది.

నిలబడే చదివింది. పట్టికలో పన్నెండు పేర్లున్నాయి. మొత్తం అరవై ఆరు. దాని కింద ఆఖరి ఆట ఎత్తులన్నీ వరుసగా ఉన్నాయి. ఇరవై మూడో ఎత్తు పక్కన చిన్న చుక్క గుర్తు, పేజీ అడుగున రెండే వాక్యాలు.

'ఈ ఎత్తు పొరపాటున పడింది కాదని మధ్యవర్తికి ఆ క్షణానే తెలుసు. ఆ మధ్యవర్తిని నేనే.'

కార్యదర్శి లేడు. ఆస్పత్రి లేదు. ఆమె లేదు. తన తప్పు ఒక్కటే రాసుకున్నారాయన. కానీ ఆట ఉంది, మొదటి బంటు నుంచి చివరిదాకా.

తను ఇప్పుడే నాన్న దగ్గరనుంచి వస్తున్నానని, అంతా తెలిసిందని చెప్పింది. పేరు ఉంచి, ఆటా ఆ రెండు వాక్యాలూ తీసేద్దామంది. పొద్దున్న తను మాట్లాడింది తెలియక మాట్లాడానంది. చేతులు జోడించింది కూడా.

రిఫరీగారు చాలాసేపు ఆ చేతుల వైపు చూశారు.

"నీ కోసం రాశాననుకుంటున్నావా అమ్మాయ్? నువ్వు అడిగేదాకా నాకు ధైర్యం లేదు, అంతే. అడిగావు. నాకిప్పుడు డెబ్భై తొమ్మిది. అతను అడిగాడని తీసేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అతను అడక్కపోయినా తీసేసేవాణ్ణి. అది నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియకుండా పోతే ఎలా?"

"ఆ ఆట కళ్ళతో చూడలేనన్నారు నాన్న."

"నేను రోజూ చూస్తున్నాను."

ఇద్దరు ముసలివాళ్ళలో ఒకరి గుండె బరువు దిగాలంటే ఇంకొకరి గుండె మీద పెట్టాలి. దాన్ని ఎటు పెట్టాలో చెప్పే సంతకం తన చేతిలో ఉంది. ఒక్కరోజు గడువు ఇవ్వమని అడిగింది. రేపు తనే నాన్నని తీసుకొస్తానని, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలని, ఆ తర్వాత మీరేమంటే అదే అచ్చు వేద్దామని అంది.

రిఫరీగారు తల అడ్డంగా ఊపారు. కోపంతో కాదు. ఆలస్యమయిందన్నట్టు.

"రాసిన కాగితాలు ఇక్కడికి పంపించేసి, నేను ఆ గెలిచినాయన ఇంటికి వెళ్ళాను," అన్నారు. "పుస్తకంలో చదివి తెలుసుకోవడం బాగుండదు కదా. నేనే చెప్పాలనిపించింది."

ఆమె కుర్చీ కోసం తడుముకుంది. ఉన్న ఒక్క కుర్చీలోనూ ఆయనే కూర్చున్నారు.

"ఏమన్నారు?"

"బోర్డు తెచ్చి పావులు పేర్చాడు. ఇరవై రెండు ఎత్తులూ ఆగకుండా వేశాడు. ఇరవై మూడోది వేసి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నా ఆట తట్టుకోలేకే తప్పు చేశాడనుకున్నానండీ అన్నాడు. ముప్పై ఆరేళ్ళు అలాగే అనుకున్నాడట. తర్వాత లేచి బూట్లు వేసుకుంటూ మీ నాన్న అడ్రసు అడిగాడు."

"ఇచ్చారా?"

రిఫరీగారు తడి కోటు బొత్తాం ఒకటి విప్పి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇచ్చాను. నువ్వు వచ్చిన బస్సూ అతను ఎక్కిన బస్సూ దారిలో ఎదురుపడే ఉంటాయి."

ఫోర్‌మన్ తలుపు మీద వేలితో కొట్టాడు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలే ఉంది. ఆమె వినిపించుకోలేదు. బల్ల మీద ఫోను అందుకుని సైకిలు షాపు నంబరు తిప్పింది. చాలాసేపు మోగింది. షాపతను ఎత్తి, ఎవరో తెలిశాక, ఇందాకే కదమ్మా వెళ్ళారు, ఏమన్నా మర్చిపోయారా అని అడిగాడు. పైకి ఎవరైనా వచ్చారా అని అడిగింది.

"వచ్చారమ్మా. తెల్లజుట్టాయన, గొడుగు కూడా లేదు, నిలువునా తడిసిపోయి ఉన్నాడు. పైకెళ్ళి అరగంట పైనే అయింది." అతను ఫోను పక్కకి తీసి పైకి చెవి పెట్టినట్టున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గించాడు. "మొదట్లో ఏదో పడ్డ చప్పుడయింది. ఆ తర్వాత ఒక్క మాటా వినబళ్ళేదు. తలుపు కొట్టమంటారా?"